తల్లిదండ్రులకు లేని జబ్బు బిడ్డకెలా వచ్చింది? సికిల్ సెల్ వెనుక జన్యుశాస్త్ర చరిత్ర

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వారసత్వ జబ్బు. గిరిజనులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు బెడద వదిలించాలని లక్ష్యం. మన విశాఖ మన్యం, ఆదిలాబాద్ ఏజెన్సీ కూడా ఈ జబ్బు ఉన్న ప్రాంతాలే. బిడ్డకు జబ్బుందని తేలగానే చాలా ఇళ్లలో వచ్చే మాట ఒకటే: "మా ఇద్దరికీ ఏమీ లేదు కదా, వీడికెలా వచ్చింది?" ఆ తర్వాత నింద తల్లి మీదికి మళ్లుతుంది. ఇది ఘోరమైన అన్యాయం. ఎందుకు అన్యాయమో జన్యుశాస్త్ర చరిత్రే చెబుతుంది.

జవాబు మొదట దొరికింది బఠాణీ మొక్కల్లో. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో పట్టణపు మఠంలో గ్రెగర్ మెండెల్ 1856 నుంచి ఎనిమిదేళ్లపాటు వేల మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో ముడతల గింజ ఒక్కటీ రాలేదు. ఆ గింజల్నే నాటి, వచ్చిన మొక్కల్ని స్వపరాగ సంపర్కానికి వదిలేస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. దాదాపు మూడుకు ఒకటి. పోయిందనుకున్న లక్షణం పోలేదు, కనబడకుండా ఉండిపోయింది. ప్రతి లక్షణాన్నీ నిర్ణయించే జన్యువుకు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ముడత బయటపడాలంటే రెండూ ముడతవే కావాలి. 1866లో అచ్చయిన ఈ పరిశోధనను 1900 దాకా ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. మెండెల్ 1884లోనే చనిపోయాడు.

ఆ ప్రతులు ఉండేది ఎక్కడ? కణం చీలేటప్పుడు కేంద్రకంలో దారాల్లా కనిపించే క్రోమోజోమ్‌ల మీదేనని 1902-03లో మిడతల కణాలు చూసిన వాల్టర్ సటన్, సముద్రపు అర్చిన్‌ల మీద పనిచేసిన థియోడోర్ బోవెరి విడివిడిగా చెప్పారు. మనిషికి ఇవి 46, అంటే 23 జతలు. ఈ లెక్క తేలడానికి 1956 దాకా పట్టింది. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాలన్నీ 48 అనే రాశాయి.

క్రోమోజోమ్‌లో ప్రొటీనూ ఉంటుంది, డీఎన్ఏ కూడా ఉంటుంది. 1869లోనే ఫ్రెడ్రిక్ మీషర్ ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని తెల్లకణాల నుంచి డీఎన్ఏను వేరుచేశాడు. అయినా వారసత్వాన్ని మోసేది ప్రొటీనేనని చాలామంది నమ్మారు. కాదు, డీఎన్ఏ అని 1944లో న్యుమోనియా బ్యాక్టీరియా మీద ప్రయోగాలతో ఆస్వాల్డ్ ఏవరీ బృందం చూపింది. 1953లో వాట్సన్, క్రిక్ దాని రూపం చెప్పారు. మెలితిరిగిన రెండు పోగులు, వాటి మీద ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాలు. ఎ ఎదుట టి, జి ఎదుట సి. రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె విద్యార్థి రేమండ్ గోస్లింగ్ తీసిన ఎక్స్‌రే చిత్రం ఇందులో కీలకం. దాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. 1962లో నోబెల్ ఇచ్చేనాటికి ఆమె కన్నుమూసి నాలుగేళ్లయింది. ఈ కథ ఎవరు చెప్పినా ఆమె పేరు వదలకూడదు.

ఇక సికిల్ సెల్. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, రక్తహీనతతో వచ్చిన ఒక యువకుడి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలున్నాయని రాశాడు. 1949లో రెండు ముడులు విడిపోయాయి. జబ్బున్న వాళ్ల తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటుందని జేమ్స్ నీల్ చూపాడు. అచ్చం మెండెల్ బఠాణీల్లాగే. తేడా ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ హిమోగ్లోబిన్‌లోనే ఉందని లైనస్ పౌలింగ్ బృందం తేల్చింది. ఒక్క మారిన ప్రతి మాత్రమే ఉన్న వాహకుల రక్తంలో మామూలుదీ, మారినదీ రెండూ కలిసి కనిపించాయి. ఆ తేడా ఎంత చిన్నదో 1957 నాటికి వెర్నన్ ఇన్‌గ్రామ్ బయటపెట్టాడు. హిమోగ్లోబిన్‌లో ప్రొటీన్ ముక్కలైన అమైనో ఆమ్లాలు 146 ఉన్న ఒక గొలుసులో, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ ఉంది. డీఎన్ఏలో చూస్తే 11వ క్రోమోజోమ్ మీద జిఎజి ఉండాల్సిన చోట జిటిజి. సుమారు 300 కోట్ల అక్షరాల్లో మారింది ఒక్కటే! దాంతో ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ కడ్డీల్లా పేరుకుంటుంది, కణం వంగి బిగుసుకుంటుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. పిల్లల ఎముకల్లో ఆ భరించలేని నొప్పి అందుకే.

ఇంత ప్రమాదకరమైన మార్పు తరతరాలుగా ఎందుకు నిలిచింది? మారిన ప్రతి ఒక్కటే ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపాడు. మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. మలేరియా పీడించిన అడవి ప్రాంతాల్లోనే ఇది ఎక్కువగా ఉండటం వింతేమీ కాదు.

వాహకులు రోగులు కారు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం, వాహకత్వానికి 50 శాతం, ఏమీ లేకపోవడానికి 25 శాతం అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనేం లేదు. జబ్బుకు రెండు ప్రతులు కావాలి గనుక తల్లి ఒక్కదాన్నే నిందించడానికి ఆధారమే లేదు.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా జన్యు సవరణ చికిత్సకు అనుమతిచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఏజెన్సీ పిల్లలకు ఇప్పుడు కావాల్సింది పుట్టగానే పరీక్ష, టీకాలు, జ్వరమొస్తే వెంటనే వైద్యం, నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా. ఆ మందు నెలనెలా ఆగకుండా దగ్గర్లోని పీహెచ్‌సీలోనే అందాలి.