బృందగానం వృత్తిగా: నల్గొండలో నేను తరచూ వినే అపోహలు, వాస్తవాలు

నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక బడి గదిలో ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు బృందగానం (క్వయర్) నేర్పిస్తాను. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ నుంచి కూడా బస్సెక్కి వస్తారు. పదేళ్ల పిల్లల నుంచి డిగ్రీ చదివేవాళ్ల దాకా ఉంటారు. వీళ్లలో కొందరు పాడటమే బతుకుదెరువు చేసుకోవాలనుకుంటున్నారు. వాళ్ల దారికి అడ్డం పడేది గొంతు కన్నా ఎక్కువగా ఇంట్లో, బడిలో, గుడిలో, చర్చిలో విని నమ్మిన మాటలే. ఆ మాటల్లో కొన్నింటి గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గొంతు పెద్దగా ఉన్నవాళ్లే క్వయర్‌కు పనికొస్తారు.

పోయిన ఏడు ఒక తల్లి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చింది. "మేడం, మా బిడ్డ గొంతు మస్తు సన్నగుంటది. ఈమెతోని అయితదా?" అని అడిగింది. ఆ పిల్ల పక్కనే తల దించుకొని నిలబడింది. నేను హార్మోనియం మీద మూడు స్వరాలు ఒకేసారి నొక్కి, మధ్యలోది పాడమన్నాను. తడబడకుండా పాడింది. నాకు అది చాలు.

క్వయర్‌లో మొదట పనిచేసేది చెవి. ముప్పై మంది పాడేచోట ఒక్కరి గొంతు విడిగా వినిపించిందంటే అక్కడ పని చెడినట్టే. పిల్లల్ని ఒకరికొకరు ఆనుకునేలా నిలబెడితే ఎవరి గొంతు వాళ్లకు వినిపించదు. వినిపించక గొంతు పెంచుతారు. పక్కవాళ్లు ఇంకా పెంచుతారు. పావుగంట గడిచేసరికి అందరూ అరుస్తుంటారు, శృతి ఎక్కడికో పోతుంది. అందుకే మా గదిలో మనిషికీ మనిషికీ మధ్య రెండడుగుల జాగా ఉంచుతాను. ఆ ఒక్క మార్పుతోనే పాట ఎంత శుభ్రపడుతుందో మొదటిసారి విన్నవాళ్లు నమ్మలేరు. "నీ గొంతు, పక్కవాళ్ల గొంతు రెండూ నీకు సమానంగా వినిపించాలి" అన్నది మా మొదటి పాఠం.

ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. నేను బడిలో ఉన్నప్పుడు ఆగస్టు 15కు, జనవరి 26కు మైకు లేకుండా మైదానం చివరిదాకా వినిపించేలా పాడమనేవారు. బాగా పాడుతుందని నన్నే ముందు నిలబెట్టేవారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది. స్వరతంత్రుల మీద బొడిపెలు వచ్చాయని డాక్టర్ చెప్పారు. నెలల తరబడి పాట మానేసి, మాట్లాడే తీరు కూడా మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. పిల్లల్లో ఇలాంటి బొడిపెలకు పెద్ద కారణం అరుపే. ఆ రోజు నన్ను ముందు నిలబెట్టిన టీచర్‌కు నా మీద ప్రేమే తప్ప మరోటి లేదు. అయినా ఏ పిల్లనైనా "ఇంకా గట్టిగా" అంటుంటే వినలేను.

అపోహ: కర్ణాటక సంగీతం నేర్చుకుంటే హార్మొనీ (వేర్వేరు వరుసలు ఒకేసారి కలిపి పాడటం) రాదు.

దీన్ని సంగీతం తెలిసినవాళ్లే ఎక్కువగా అంటారు. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

మన సంగీతం ఒకే వరుసలో నడిచే మాట నిజమే. ఒక స్వరం తర్వాత ఇంకో స్వరం వస్తుంది, వాటి మధ్యలో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం, ఉంటుంది. క్వయర్‌లో పై గొంతు నుంచి కింది గొంతు దాకా సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు వరుసలు ఒకేసారి నడుస్తాయి. అక్కడ గమకం పెడితే పక్క వరుసతో రాసుకుపోతుంది. కాబట్టి సంగీతం నేర్చుకున్న పిల్లలకు నేను మొదట నేర్పేది స్వరాన్ని కదలకుండా నిలపడం. మొదటి పాఠాలైన సరళీవరిసలు మాయామాళవగౌళ రాగంలో వచ్చినవాళ్లతో అవే వరిసలు శంకరాభరణం రాగంలో పాడిస్తాను. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది మన శంకరాభరణం మెట్లే. స్వరం నిలిపి పాడటం అలవాటు కావడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. గమకం ఎక్కడికీ పోదు, అవసరమైనప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

వాళ్లకు ఉన్న లాభం మాత్రం చాలా పెద్దది. తంబూరా బాగా శృతి చేసి మంద్ర షడ్జమం (కింది "స") తీగ మీటి చెవి దగ్గర పెట్టండి. కాసేపటికి ఆ ఒక్క తీగలోంచే అంతర గాంధారం ("గ") వినిపిస్తుంది. అది ఆ తీగ మోగేటప్పుడు అందులోంచే సన్నగా పలికే పైస్వరాల వరుసలో అయిదోది. మన పెద్దలు దాన్ని "స్వయంభూ గాంధారం" అంటారు. తోడు వాయిద్యం లేకుండా పాడే క్వయర్‌కు మేజర్ కార్డ్‌లో (స, గ, ప ఒకేసారి పలికే కలయికలో) కావాల్సింది సరిగ్గా ఆ గాంధారమే. హార్మోనియంలో, కీబోర్డ్‌లో ఉండేది అది కాదు. పన్నెండు మెట్లనూ సమానంగా పంచడం వల్ల వాటి గాంధారం దాదాపు 14 సెంట్లు ఎక్కువ ఉంటుంది. పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే అందులో ఏడో వంతు. వినడానికి చిన్న తేడానే, కానీ కార్డ్ నిగనిగలాడుతుందా, మసకగా ఉంటుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

గదిలో ఇలా చేస్తాం. నలుగురు కింది షడ్జమం పట్టుకుంటారు, ఇద్దరు పంచమం. ఒకరు హార్మోనియం చూసి గాంధారం పాడతారు. ఆ మూడూ కలిసినచోట సన్నని అలల్లాంటి కదలిక వినిపిస్తుంది. అప్పుడు హార్మోనియం ఆపేసి, తంబూరా విని గాంధారాన్ని వెంట్రుకవాసి కిందికి దించమంటాను. అలలు నెమ్మదిస్తాయి, ఆగిపోతాయి. గది మొత్తం ఒక్క గొంతైనట్టు ఉంటుంది. పిల్లలు నోరు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తంబూరా మీద పెరిగిన చెవికి ఈ పాఠం ఒక్క రోజులో అందుతుంది. కీబోర్డ్ ఒక్కటే విన్న పిల్లలకు వారాలు పడుతుంది. అందుకే కర్ణాటక సంగీతం అడ్డం అన్నవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ ప్రచారం చేసిన, స్వరాలను డో, రే, మీ అని పలికే టానిక్ సోల్-ఫా పద్ధతిలో "డో" ఎక్కడ పెడితే అక్కడి నుంచి మొదలవుతుంది. మన షడ్జమమూ అంతే కదా! ఒకటి శృతికైనా అయిదు శృతికైనా "స" అనే అంటాం. సరిగమలు చూసి పాడగలిగినవాళ్లు సోల్-ఫాకు తొందరగా అలవాటు పడతారు. అక్కడి నుంచి స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం సాధన సంగతే. ఆ సాధన మానకూడదు. కొత్త కాగితం చేతికిచ్చి పాడమన్నప్పుడు చదవలేకపోతే బయట ఆడిషన్లలో నిలబడటం కష్టం.

అపోహ: క్వయర్ అంటే చర్చివాళ్లది.

మన ప్రాంతంలో ఈ మాట ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవచ్చు. రష్యా నుంచి వచ్చిన మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో నల్గొండలో పని మొదలుపెట్టారు. తర్వాత మహబూబ్‌నగర్ వైపు మెనొనైట్ బ్రెదరెన్ సంఘాలు పెరిగాయి. వాయిద్యం లేకుండా నాలుగు వరుసల్లో పాడటంలో మెనొనైట్లకు పేరుంది. అయితే మన తెలుగు సంఘాల్లో జనం గుండెకు దగ్గరైంది మన రాగాల్లో, మన బాణీల్లో ఒకే వరుసగా పాడే కీర్తనలు. చర్చిలో పెరిగిన పిల్లలకు వారం వారం కలిసి పాడే అలవాటు, సమయానికి రిహార్సల్‌కు వచ్చే క్రమశిక్షణ ఉంటాయి. నాకు ఆ పిల్లలంటే గౌరవం.

కానీ బృందగానం ఏ ఒక్క మతానిదీ కాదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి భారతీయ భాషల పాటలను పలు గొంతులకు రాసి పాడించారు. కలకత్తా యూత్ క్వయర్‌ను రుమా గుహ ఠాకుర్తా 1958లో మొదలుపెట్టారు. 2001లో మొదలైన షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2010లో టీవీ పోటీ గెలిచేసరికి దేశమంతటికీ తెలిసింది. మా గదిలో మూడు మతాల పిల్లలున్నారు. ఏ పాట పాడినా మేం సరిచూసుకునేవి శృతి, అచ్చు, ఊపిరి.

అపోహ: ఊరి పాటలు పాడిన గొంతు మొరటుది, తీర్చిదిద్దలేం.

బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగిన పిల్ల లయ తప్పడం నేను చాలా అరుదుగా చూశాను. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు ఏ క్షణాన అందుకోవాలో ఆమెకు ఒంట్లోనే తెలుసు. ఒగ్గుకథలో వంత పాడేవాళ్ల ఇంటి పిల్లాడు మా దగ్గరికొచ్చాడు. పక్క వరుస ఏం పాడుతున్నా తన వరుస వదలడు. అది నేర్పితే వచ్చే విద్య కాదు, చిన్నప్పటి నుంచి వింటూ వచ్చింది.

దిద్దాల్సింది ఉచ్చారణ. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, పాటకు అది వరం. అయితే ఆ అచ్చు అందరి నోటా ఒక్కలాగే రావాలి. "మేడ" అనండి, "మేడి" అనండి. రెండు "మే"లూ ఒకటి కావు, మొదటిదానికి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. సగం మంది ఒక రకంగా, సగం మంది ఇంకో రకంగా పాడితే శృతి కలిసినా పాట కలవదు. మేం ఒక్కోసారి అరగంట సేపు ఒకే అచ్చు మీద ఉంటాం. సద్దుల బతుకమ్మ మర్నాడు మాత్రం క్లాసు పెట్టను. తొమ్మిది రోజులు పాడిన గొంతులకు విశ్రాంతి కావాలి.

అపోహ: మిరియాల పాలు, తేనె, పటికబెల్లం గొంతును సాఫ్ చేస్తాయి.

మింగినది అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రులు ఉన్నది ఊపిరి దారిలో. కాబట్టి తిన్నదేదీ వాటిని నేరుగా తాకదు. తేనె వల్ల గొంతుకు హాయిగా ఉంటే తీసుకోండి, తప్పు లేదు. స్వరతంత్రులకు తేమ కావాలంటే రోజంతా నీళ్లు తాగాలి, పాడే ముందు గ్లాసెడు తాగితే చాలదు. ఆవిరి నేరుగా చేరుతుంది. రైసుమిల్లుల దుమ్ములో తిరిగే పిల్లలకు ఇది మరీ ముఖ్యం. బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాల్సిందే.

అపోహ: కోరస్ పాడేవాళ్లు సోలోకు పనికిరానివాళ్లు.

ఇవి రెండు వేర్వేరు పనులు. కాగితం చూసి మొదటిసారే తప్పు లేకుండా పాడటం, పక్కవాళ్లు ఊపిరి తీసుకునేచోట తాను ఆగకుండా పాట తెగకుండా చూడటం, సైగ అందిన క్షణంలో గొంతు తగ్గించడం, వీటిలో ఏదీ సోలో పాడితే రాదు. టీవీ పోటీల వల్ల ప్రతి ఇంట్లో ఒక్కరే నిలబడి పాడాలన్న కోరిక పెరిగింది. ఓడిపోయిన పిల్లలు ఏడుస్తూ పాట మానేస్తుంటే బాధేస్తుంది. వాళ్లలో ఎంతమంది గొప్ప ఆల్టోలు ఉన్నారో!

అపోహ: నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ. లేదా, ఇందులో పైసా కూడా రాదు.

రెండూ తప్పే. 1924లో పుట్టిన బీబీసీ సింగర్స్, 1925 నాటి బెర్లిన్ రేడియో క్వయర్ లాంటివి పాడటమే పూర్తికాల ఉద్యోగంగా ఇస్తాయి. అక్కడా భరోసా తక్కువే. 2023లో బీబీసీ తన క్వయర్‌ను మూసేస్తామని ప్రకటించి, జనం వ్యతిరేకించాక వెనక్కి తగ్గింది. మన దేశంలో నెల జీతం మీద పాడే క్వయర్ ఉద్యోగాలు దాదాపు లేవు. ఈ మాట అమ్మానాన్నలకు మొదటి రోజే చెప్తాను.

ఇక్కడ ఆదాయం ముక్కలు ముక్కలుగా వస్తుంది. సినిమా, ప్రకటనల కోరస్ రికార్డింగులు, స్టేజీ కార్యక్రమాలు, బడుల్లో సంగీతం టీచర్ ఉద్యోగం, క్వయర్ నడిపించే పని. స్టూడియోల్లో ఇప్పుడు నలుగురైదుగురితోనే పలుమార్లు పాడించి పెద్ద గుంపులా వినిపించేలా చేస్తున్నారు. అందుకే తక్కువమందిని పిలుస్తారు, ఆ కొద్దిమంది వేగంగా, తప్పు లేకుండా పాడాలి. చదవడం వచ్చినవాళ్లకు, రెండు వరుసలైనా పాడగలిగినవాళ్లకు మళ్లీ పిలుపు వస్తుంది. ఏబీఆర్‌ఎస్ఎం అనే బ్రిటిష్ సంగీత సంస్థ పరీక్షల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్‌లు ఉంటాయి. ఆరో గ్రేడ్ నుంచి ప్రాక్టికల్‌కు కూర్చోవాలంటే ముందు అయిదో గ్రేడ్ థియరీ, లేదా దానికి బదులు వాళ్లు ఒప్పుకునే పరీక్ష, పాసవ్వాలి. చాలామంది మా పిల్లలు అక్కడ ఆగిపోతుంటే ఇప్పుడు థియరీని మొదటి ఏడాది నుంచే చెప్తున్నాను. పూర్తిగా ఇదే చదవాలనుకునేవాళ్లకు చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి. డిగ్రీ మానేసి రమ్మని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

అపోహ: గొంతు మారే వయసులో మగపిల్లలు పాడకూడదు.

దీనివల్ల పోగొట్టుకున్నన్ని గొంతులు మరిదేనివల్లా పోగొట్టుకోలేదు. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య చాలామంది మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది, కాస్త తక్కువగా. "గొంతు పగిలింది, ఇక ఆపేయ్" అని ఎవరో అంటారు. పిల్లాడు సిగ్గుపడి ఆపేస్తాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి ధైర్యం ఉండదు.

పాడవచ్చు, కానీ పద్ధతి వేరు. నొక్కి పాడకూడదు, పైస్వరాల కోసం ఎగబాకకూడదు. ఆ నెలల్లో ఒక్కో పిల్లాడికి హాయిగా పలికేవి అయిదారు స్వరాలే అయితే, ఆ అయిదారుతోనే అతనికి ప్రత్యేకంగా ఒక వరుస రాస్తాను. నెలకోసారి గొంతు ఎక్కడిదాకా పోతుందో చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాం. దేవరకొండ నుంచి వచ్చే ఒక పిల్లాడు పన్నెండేళ్లప్పుడు సొప్రానోల్లో పాడేవాడు. ఒక ఆదివారం గొంతు జారి అందరూ నవ్వితే మరుసటి వారం రాలేదు. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, "పాడకపోయినా సరే, వచ్చి కూర్చోమనండి" అన్నాను. మూడు వారాలు వెనక బెంచీలో కూర్చొని విన్నాడు. నాలుగో వారం మూడు స్వరాల వరుస ఒకటి రాసిస్తే మెల్లగా పాడాడు. ఇప్పుడు అతనికి పదహారేళ్లు, బేస్ వరుసలో నిలబడతాడు. తంబూరా పాఠం రోజున కింది షడ్జమం అతనూ పట్టుకుంటాడు.