టీడీఎస్ మీటరు చెప్పనివి: తాగే నీళ్ల మీద అపోహలు, వాస్తవాలు

నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాను. సీసా కౌంటరు మీద పెట్టిన చాలామంది అడిగే మొదటి మాట "టీడీఎస్ ఎంతుంటుంది సార్?" అని. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాల్లాంటి పదార్థాల మొత్తం. ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, క్రిములున్నాయా అని అడిగేవాళ్లు అరుదు. పెన్నులాంటి మీటరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరకడం మొదలయ్యాక అపార్ట్‌మెంటుకో నీటి నిపుణుడు తయారయ్యాడు. ఆయన గ్రూపులో పెట్టే అంకెను బట్టి మిగతా ఫ్లాట్ల వాళ్లకు టెన్షనో, ధీమానో వస్తుంది. రెండూ అనవసరమే.

అపోహ: టీడీఎస్ తక్కువైతే మంచి నీళ్లు, ఎక్కువైతే చెడ్డ నీళ్లు

ఆ మీటరు నీళ్లలో కరిగినవాటిని తూచదు. నీళ్లగుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి, దాన్ని 0.5కీ 0.7కీ మధ్య ఒక అంకెతో గుణించి చూపిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్ లాంటి లవణాలు అందులో పడతాయి. బాక్టీరియా పడదు. పురుగుమందు పడదు. బిందెడు నీళ్లలో ఒక చెంచా మురుగునీరు కలిపి మీటరు పెట్టి చూడండి, అంకె దాదాపు కదలదు. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న నీటికీ, 4 ఉన్న నీటికీ తేడా 3 మిల్లీగ్రాములు. టీడీఎస్ 600 చూపించే చోట ఆ మూడు ఎవరికి కనిపిస్తాయి? కానీ మొదటిది తాగొచ్చు, రెండోది ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయే ముప్పుంది.

అదే మీటరును కొబ్బరినీళ్లలో ముంచితే వేలల్లో చూపిస్తుంది. అందులో పొటాషియం దండిగా ఉంటుంది కాబట్టి. డాక్టరు తాగమనే కొబ్బరినీళ్లు మీటరు లెక్కలో పనికిరానివన్నమాట.

మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్‌కి 1, తప్పనప్పుడు 1.5. నైట్రేట్‌కి 45, ఇందులో మినహాయింపు లేదు. ఇ.కోలై అనే క్రిమి మాత్రం 100 మిల్లీలీటర్లలో అసలు కనపడకూడదు. టీడీఎస్‌కి అంత వెసులుబాటు ఇచ్చి, నైట్రేట్‌కీ క్రిములకీ ఎందుకివ్వలేదో ఆలోచిస్తే ఏది అసలు ప్రమాదమో తెలుస్తుంది.

అపోహ: సేల్స్‌మన్ కరెంటు పెట్టి చూపించాడు, మా నీళ్లు బురదలా మారాయి

ఈ తమాషా చాలామంది ఇళ్లలో జరిగే ఉంటుంది. రెండు గ్లాసులు. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆయన తెచ్చిన ఆర్‌ఓ నీళ్లు. రెంటిలోనూ ఒక పరికరం కాళ్లు ముంచి స్విచ్ వేస్తాడు. నిమిషంలో మీ గ్లాసులో ముందు పచ్చగా, తర్వాత గోధుమరంగులో మడ్డి తేలుతుంది. ఆయన గ్లాసు కాస్త పసుపు తిరిగి ఊరుకుంటుంది. ఇంటావిడ ముఖం చూసి ఆర్డరు ఫారం బయటికి తీస్తాడు.

ఆ మడ్డి మీ నీళ్లలోది కాదు, ఆయన పరికరానికున్న ఇనప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు లేవు, కరెంటు పారదు, ఇనుము కరగదు. అంతే సంగతి. ఈసారి ఎవరైనా వస్తే, ఆయన గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అదీ బురదే అవుతుంది. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి, అది ఇంటి కరెంటు.

ఆర్‌ఓ మీద నాకు పగేమీ లేదు. ఫ్లోరైడ్ ఉన్న చోట, ఉప్పునీరు పడిన సముద్రతీరపు ఊళ్లలో అది ప్రాణం కాపాడే యంత్రం. నా పేచీ అంతా అక్కర్లేని చోట పెట్టడం మీద. శుద్ధిచేసిన కృష్ణా, గోదావరి నీళ్లు కుళాయిలో వచ్చే ఇంట్లో లవణాలతో సమస్య చాలావరకు ఉండదు. అక్కడ చూడాల్సింది క్రిముల సంగతి. దానికి మరిగించడమో, యూవీ ఫిల్టరో సరిపోతుంది. ఇంటి ఆర్‌ఓ లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు, పాతబడితే అంతకంటే ఎక్కువ, బయటికి వదిలేస్తుంది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓలను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది కూడా. షాపుల్లో ఆ మాట ఎవరూ చెప్పరు.

అపోహ: పప్పు ఉడికే నీళ్లే మంచి నీళ్లు

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే ముంచుతుంది. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కఠినజలంలో కందిపప్పు ఉడకదన్నది నిజం. నీళ్లలోని కాల్షియం, పప్పు గింజల్లోని పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది, గింజ మెత్తబడదు. అదే కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది, నురగ రాదు. అందుకే మన పల్లెల్లో పెద్దవాళ్లు బావిని ఎంచుకునేటప్పుడు చూసిన గుర్తులు రెండే: పప్పు ఉడుకుతుందా, సబ్బు నురగొస్తుందా. నాలుక మీద తియ్యగా ఉంటే ఇంక తిరుగేలేదు.

ఇప్పుడు ఫ్లోరైడ్ ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. నల్గొండ, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల్లో భూమి కింద గ్రానైట్ జాతి రాళ్లున్నాయి. వాటిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవుంటే అది మెల్లగా కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే, ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా మారి రాతిలోనే ఉండిపోతుంది. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్‌ను ఆపేవాళ్లుండరు.

కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ. అంటే ఏమిటి? పప్పు చక్కగా ఉడికే నీళ్లు! సబ్బు నురగ పొంగే నీళ్లు! ప్రతి ఊళ్లోనూ ఇలాగే ఉంటుందని కాదు. కఠినజలంలోనూ ఫ్లోరైడ్ ఉన్న బోర్లు నేను చూస్తూనే ఉంటాను. కానీ పప్పు పరీక్షలో నెగ్గిన నీళ్లు ఫ్లోరైడ్ పరీక్షలో ఓడిపోవడానికి రసాయనశాస్త్రంలో ఇంత స్పష్టమైన కారణం ఉంది. మీ వంట అనుభవాన్ని తప్పు పట్టడం లేదు, ఆ పరీక్ష పప్పుకే గానీ మనిషికి కాదంటున్నాను.

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, మన దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్లను చూసే. అప్పట్లో అవి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. ఆ తర్వాత నల్గొండ పేరు ఎంత మోగిందంటే, ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే ఆ పేరు పెట్టారు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తెట్టు అడుక్కి దిగాక పైనీళ్లు తీసుకుంటారు. ఫ్లోరైడ్ ఆ తెట్టుతో పోతుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలిస్తేగానీ పటిక ఎంత వేయాలో తెలియదు, రోజూ ఒకరు శ్రద్ధగా చేయాలి. చాలాచోట్ల అది నడవకపోవడానికి ఈ చాకిరీ ఒక కారణం. ఇప్పుడు తెలంగాణలో మిషన్ భగీరథ కింద నది నీళ్లు ఇస్తున్నారు. ఆ నీళ్లొచ్చే ఊళ్లో కూడా "రుచి లేదు" అని మళ్లీ పాత బోరు నీళ్లు తాగేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: మరిగిస్తే అన్నీ పోతాయి

క్రిములు పోతాయి. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం ఉంటే చాలు. ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. పైగా ఆవిరైపోయేది నీళ్లే కాబట్టి మిగిలినదాంట్లో అవి చిక్కబడతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న పది లీటర్ల నీళ్లను ఎనిమిది లీటర్లయ్యేదాకా మరిగిస్తే అది 2.5 అవుతుంది.

గిన్నె అడుగున పట్టే తెల్ల పొరను చూసి భయపడి ఫోటోలు పంపుతుంటారు. అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయే. నీళ్లు వేడెక్కితే కరిగి ఉన్న బైకార్బొనేట్ విడిపోయి అలా బయటపడుతుంది. నిమ్మరసమో వెనిగరో పోసి కాసేపుంచితే గిన్నె శుభ్రపడుతుంది.

అపోహ: బోరు నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు

కుళాయికి పట్టిన తెల్ల గార చూసి, లోపల కూడా ఇలాగే పట్టేస్తోందని ఊహించుకోవడం వల్ల పుట్టిన భయం ఇది. గార కాల్షియం కార్బొనేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. అవి వచ్చేది ఎక్కువగా నీళ్లు చాలినంత తాగకపోవడం వల్ల, చెమటగా పోయింది భర్తీ కాకపోవడం వల్ల, ఉప్పు ఎక్కువ తినడం వల్ల, కొందరికి వంశపారంపర్యంగా. తిండితో పాటు పేగుల్లోకి వెళ్లిన కాల్షియం అక్కడే ఆక్సలేట్‌ను పట్టేసి బయటికి పంపుతుంది కూడా. మే నెల ఎండలో పొలం పని చేస్తూ "గట్టి నీళ్లు తాగకూడదు" అని దాహం ఆపుకునేవాళ్లకే రాళ్ల ముప్పు ఎక్కువ.

అపోహ: బ్లీచింగ్ వాసనొస్తే నీళ్లు పాడైనట్టే

వాసన రాకపోతేనే నాకు అనుమానం. ట్యాంకు నుంచి మీ ఇంటిదాకా వచ్చే పైపు ఎక్కడో ఒకచోట మురుగుకాల్వ పక్కనుంచే వస్తుంది. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి చిల్లులగుండా బయటి నీళ్లు లోపలికి పీలుస్తుంది. ఆ దారి పొడవునా కాపలా కాసేది మిగులు క్లోరిన్ ఒక్కటే. చిట్టచివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వాసన నచ్చకపోతే మూతలేని గిన్నెలో కొన్ని గంటలు పెట్టండి, చాలావరకు పోతుంది.

పంచాయతీ ట్యాంకుల సంగతొకటి చెప్పాలి. బ్లీచింగ్ పౌడరు సంచి మూతి తెరిచి, ఎండ తగిలే గదిలో నెలల తరబడి పడేస్తారు. అందులో క్లోరిన్ రోజురోజుకీ పోతుంది, చివరికి మిగిలేది సున్నమే. అది గంపెడు పోసినా తెల్లగా కనిపిస్తుంది తప్ప క్రిమి చావదు. పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములతో లీటరుకు 1 మిల్లీగ్రాము వస్తుంది. క్లోరిన్‌ను పట్టిచ్చే ఓటీ (ఆర్థోటోలిడిన్) అనే రసాయనం చుక్క వేస్తే నీళ్లు పసుపు రంగు తిరిగాయా లేదా అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది.

అపోహ: సీలున్న క్యాన్ కాబట్టి ఢోకా లేదు

ప్లాంటు దాటేటప్పటికి ఆ నీళ్లు బాగానే ఉండొచ్చు. కానీ ఆర్‌ఓ యంత్రంలో నీళ్లను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్‌ను కాపాడటానికి ముందే కార్బన్ ఫిల్టరుతో క్లోరిన్ తీసేస్తారు. అంటే క్యాన్‌లో కాపలా లేదు. సరిగ్గా కడగని క్యాన్ లోపలి గోడను వేలితో రుద్దితే జారుడుగా తగులుతుంది, అది క్రిముల పొర. ఎండలో ఆటో మీద తిరిగే క్యాన్‌లో పచ్చదనం కనిపిస్తే వెనక్కి పంపండి. ప్యాకేజ్డ్ తాగునీటికి ఐఎస్ 14543 అనే ప్రమాణం ఉంది, ఐఎస్‌ఐ గుర్తు పైన ఆ అంకె ఉందేమో చూడండి. వీధిచివర ప్లాంట్లలో చాలావాటికి ఉండదు.

రాగి బిందె, పటిక, చిల్లగింజ: ఈ మూడూ పనికొచ్చేవే, ఎవరి పని వాళ్లది. రాగిలో రాత్రంతా నిలవుంచితే బాక్టీరియా తగ్గుతుంది. పటిక, చిల్లగింజ బురదను అడుక్కి దించుతాయి. నీళ్లు తేటపడినంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు, మరిగించాల్సిందే. రాగి బిందెలోనూ, చిటికెడు పటికతోనూ ఫ్లోరైడ్ పోదు.

అపోహ: సాంపిల్ ఏముంది, ఏ సీసాలో తెచ్చినా ఒకటే

కూల్‌డ్రింక్ సీసా అడుగున ఇంకా తీపి వాసన ఉంటుంది, అందులో నీళ్లు పట్టి రెండ్రోజుల తర్వాత తెచ్చి బాక్టీరియా చూడమంటారు. అప్పుడు మేం చూసేది మీ సీసాను, మీ బోరును కాదు. క్రిముల పరీక్షకు ల్యాబు ఇచ్చిన స్టెరిలైజ్ చేసిన సీసానే వాడాలి. మోటారు వేసి ఐదు నిమిషాలు పోనిచ్చి, కుళాయి మూతి తుడిచి, లోపలి మూతకు వేలు తగలకుండా పట్టాలి. ఐసు పెట్టి ఆరు గంటల్లోపు చేరిస్తే మేలు, ఎంతైనా 24 గంటలు దాటకూడదు. ఫ్లోరైడ్‌కి ఇంత హడావిడి లేదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. గాజు వద్దు.

ఊళ్లో ల్యాబు దగ్గరలో లేకపోతే హెచ్2ఎస్ సీసా అడగండి. మన శాస్త్రవేత్తలే 1982లో ప్రకటించిన చవక పద్ధతి అది. గుర్తుదాకా నీళ్లు పోసి గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ల్యాబుల్లో మిగతావన్నీ చేస్తారు. ఇంటి బోరుకైతే ఫ్లోరైడ్, నైట్రేట్, కఠినత్వం, క్లోరైడ్, బాక్టీరియా అని కాగితం మీద రాసిచ్చి చేయించుకోండి. ఫ్లోరైడ్, లవణాలకు ఎండాకాలం చివర, భూగర్భజలం బాగా దిగినప్పుడు ఒకసారి. నైట్రేట్, బాక్టీరియాలకు రెండు మూడు మంచి వానలు పడి, సెప్టిక్ ట్యాంకు చుట్టూ నేల నానాక ఒకసారి.