సొంత దుస్తుల శైలి: కొన్ని అపోహలు, కొలతల పుస్తకం చెప్పే వాస్తవాలు

చెన్నై టి. నగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఆడవారి జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నాను. మా దుకాణానికి వచ్చేవారిలో సగానికి పైగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల వారే. ప్రతి ఒక్కరి మెడ లోతు, చేతి పొడవు, భుజం, చాతీ, నడుము కొలతలను, తెచ్చిన బట్ట వివరాన్ని తేదీతో సహా పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఒకరి పుటలను పదేళ్ళ వరుసలో తిరగేస్తే, మొదటి మూడు నాలుగేళ్ళు ప్రతిసారీ కొత్త మెడ, కొత్త చేయి అడిగినవారు కూడా క్రమంగా ఒకటి రెండు ఆకృతుల దగ్గర కుదురుకోవడం కనిపిస్తుంది. తమకొక శైలి ఏర్పడిందన్న సంగతి చాలామందికి నేను ఆ పుటలు చూపించేవరకు తెలియదు.

అపోహ: నిరాడంబరమైన శైలి అంటే తెలుపు, నలుపు, బూడిద రంగులకు పరిమితం కావడం.

వాస్తవం: నిరాడంబరత రంగు లేకపోవడం కాదు, పనితనం ఎక్కడ ఆగాలో తెలిసి ఉండడం. మంగళగిరి నూలు చీరను చూడండి: సాధారణంగా మధ్యంతా సాదాగా వదిలి, అంచుల్లోనూ కొంగులోనూ జరీ నేస్తారు. కంచి పట్టులో మధ్య భాగానికి ఒక రంగు, అంచుకు పూర్తిగా వేరొక రంగు పెట్టి, వేర్వేరు నాడెలతో (అడ్డపోగును మోసుకెళ్ళే పనిముట్లతో) నేస్తూ రెండింటినీ పోగుల దగ్గర పెనవేస్తారు. ఇన్ని తరాలుగా వాడుకలో ఉన్న ఈ చీరలు లక్క రంగులోనూ, మామిడి చిగురు రంగులోనూ, నెమలికంఠం రంగులోనూ వస్తున్నాయి. వీటిని పాతబడిన ఫ్యాషన్ అని ఎవరూ అనలేరు. తమ ఒంటికి నప్పే రంగులు రెండో మూడో తెలుసుకొని, జాకెట్లన్నీ వాటిలోనే కుట్టించుకుంటే, ఉన్న చీరలే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇక తెలుపు విషయానికి వస్తే, బోరు నీటిలో ఇనుము ఎక్కువగా ఉన్న ఇళ్ళలో తెల్ల బట్ట కొన్ని ఉతుకులకే పచ్చబడుతుంది. అటువంటివారికి గంధం రంగే మేలని నా అభిప్రాయం.

అపోహ: బట్ట ఎంత ఖరీదైనదైతే అంత హుందాగా ఉంటుంది, అంతకాలం మన్నుతుంది.

వాస్తవం: ధర చాలాసార్లు జరీని బట్టి, నూలు సన్నదనాన్ని బట్టి పెరుగుతుంది. 80 కౌంటు నూలు అంటే ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) 80 ఉంటాయని అర్థం. కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, స్పర్శ మెత్తబడుతుంది, కానీ రోజువారీ రాపిడికి అంతగా ఓర్చుకోదు. అందువల్ల ఆఫీసుకు నిత్యం వేసుకునే జాకెట్టుకు 100 కౌంటు బట్ట తెచ్చినప్పుడు, దానిని పండుగకు దాచుకొని 60 కౌంటు తెచ్చుకొమ్మని చెబుతాను.

నిజానికి హుందాతనాన్ని నిర్ణయించేది భుజం కుట్టు. అది భుజపు ఎముక చివర సరిగ్గా కూర్చుంటే సాదా నూలు బట్ట కూడా నిండుగా కనిపిస్తుంది, అరంగుళం జారితే పట్టు కూడా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. నూలు బట్టను కత్తిరించే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. వృత్తిలో చేరిన కొత్తలో, పండుగ రద్దీలో నేను ఆ పని మానేసి కుట్టిన నాలుగు జాకెట్లు మొదటి ఉతుకుకే బిగిసిపోయాయి. వాటిని నా ఖర్చుతో మళ్ళీ కుట్టి ఇచ్చాను, ఆ తరువాత ఎంత తొందర ఉన్నా నానబెట్టనిదే కత్తెర పట్టలేదు. అలాగే పక్క కుట్టు లోపల ముందు ముక్కకూ వెనుక ముక్కకూ అంగుళంన్నర బట్ట వదలమని మీ దర్జీని తప్పకుండా అడగండి. రెండు వైపులా కలిపి నాలుగు అంచులు కనుక, ఒక్కొక్క అంగుళం విప్పితే చాతీ చుట్టుకొలత నాలుగు అంగుళాలు పెరుగుతుంది, కుట్టు నిలవడానికి ఇంకా అరంగుళం మిగులుతుంది. ఒక జాకెట్టు పదేళ్ళు నిలవడం ఈ కనబడని బట్ట మీద ఆధారపడి ఉంటుంది.

అపోహ: ఇస్త్రీ అక్కరలేని బట్టే ఎప్పటికీ సౌకర్యం.

వాస్తవం: ప్రామాణిక పరిస్థితుల్లో నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను ఇముడ్చుకుంటుంది, ఇస్త్రీ అక్కరలేని బట్టల్లో ఎక్కువగా ఉండే పాలిస్టర్ 0.4 శాతమే. సముద్రపు గాలి, చెమట కలిసిన చెన్నై మే నెలలో ఈ తేడా మధ్యాహ్నానికే ఒంటికి తెలుస్తుంది. ఒంటిని ఇబ్బంది పెట్టే దుస్తులలో ఎవరూ హుందాగా కనిపించలేరు, ఎందుకంటే చేయి మాటిమాటికీ మెడ దగ్గరికి, చంక దగ్గరికి పోతూనే ఉంటుంది.

అపోహ: ఒకే చీరను రెండు పెళ్ళిళ్ళకు కట్టకూడదు.

వాస్తవం: కట్టవచ్చు. పట్టుచీరకు కట్టడం కన్నా, ఏళ్ళ తరబడి ఒకే మడతలో పడి ఉండడం వల్లనే ఎక్కువ హాని జరుగుతుంది. మడత దగ్గరే పోగులు చిట్లుతాయి.

అపోహ: శైలి ఒకసారి కుదిరితే ఇక మారకూడదు.

వాస్తవం: పదకొండేళ్ళుగా నా దగ్గర కుట్టించుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగిని చాతీ కొలత ఈ కాలంలో అయిదు అంగుళాలు పెరిగింది, మెడ లోతు తగ్గింది. రెండేళ్ళ పాటు ఆమె బోట్ మెడలు (లోతు లేకుండా భుజాల వైపు అడ్డంగా సాగేవి) కుట్టించుకొని, ఊపిరాడనట్టు ఉందని మళ్ళీ గుండ్రని మెడకు వచ్చారు. కానీ మోచేతి వరకు ఉండే ఆమె చేతి పొడవు మాత్రం అన్ని పుటలలోనూ పావు అంగుళానికి మించి మారలేదు. కాన్పు తరువాత, నలభై దాటిన తరువాత, ఉద్యోగం మారినప్పుడు కొలతలు మళ్ళీ తీయించుకోవాలి. పాత కొలత జాకెట్టు ఇచ్చి అలాగే కుట్టమనడం చాలామంది చేసే పొరపాటు.

బీరువా మొత్తం ఖాళీ చేసి కొత్తగా మొదలుపెట్టాలని కొందరు అనుకుంటారు, దయచేసి అలా చేయకండి. ఒక నెల రోజులు దండెం మీద మాటిమాటికీ ఆరుతున్న బట్టలేవో గమనించి, వాటిలో మూడింటిని దర్జీ దగ్గరకు తీసుకువెళ్ళి, వాటి మెడ, చేయి, పొడవు కొలిపించి కాగితం మీద రాయించుకోండి. తరువాత కుట్టించే జాకెట్టుకు ఆ కాగితంతోనే మొదలుపెట్టమని చెప్పండి.