రుద్రమదేవి ‘అసలు ముఖం’ కోసం వచ్చేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

దసరా ముందు నిడదవోలు దగ్గర ఒక ఊరి కమిటీవాళ్ళు నలుగురు మా షాపుకి వచ్చారు. రుద్రమదేవి ఆయిల్ పెయింటింగ్ కావాలి, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. ‘మా కోడలండీ, బాగా రావాలి’ అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు, ఆవిడ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడే. నెలన్నర కూర్చుని వేశాను. పట్టుకెళ్ళడానికి వచ్చిన రోజు పెద్దాయన బొమ్మ ముందు నిలబడి, ఫోన్ తీసి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసి, ‘పోలిక రాలేదండీ ఆర్టిస్టు గారూ’ అన్నాడు.

ఎవరి పోలిక? ఫోన్లో ఉన్నది ఒక సినిమా హీరోయిన్.

అపోహ: రాణి అసలు రూపం ఎక్కడో భద్రంగా ఉంది, ఆర్టిస్టు దాన్ని చూసి దించాలి.

వాస్తవం: అలాంటిదేం లేదు. రుద్రమ ఏలింది 1262 నుంచి 1289 దాకా. ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మ ఒక్కటీ మన చేతికి రాలేదు. కాన్వాసు మీద ఆయిల్ రంగులు మన దేశానికి వచ్చిందే యూరప్ వాళ్ళతో. రవివర్మ 1894లో ప్రెస్సు పెట్టి బొమ్మలు అచ్చేశాకే దేవతలకీ, రాణులకీ ‘ఇలా ఉంటారు’ అని ఒక ముఖం మన ఇళ్ళ గోడలకెక్కింది. క్యాలెండర్లో రుద్రమైనా, స్కూలు గోడ మీద రుద్రమైనా, ఇప్పుడు కంప్యూటర్ తయారుచేసి వాట్సాప్‌లో తిరిగే రుద్రమైనా, ఎవరో ఊహించుకున్న మనిషే. నాది కూడా అంతే.

మరి రాతి మీద? వరంగల్ కోటలో ఆవిడ కట్టించిన మండపం శిల్పాల్లో సింహం మీద కూర్చున్న స్త్రీ ఉంది, చేతుల్లో కత్తి, డాలు. ‘రాయగజకేసరి’, అంటే రాజులనే ఏనుగులకి సింహం, అన్న బిరుదుని శిల్పి అలా చూపించాడు. చెక్కింది బిరుదుని, ముక్కూ కళ్ళూ కాదు. తిరుమలలో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలు చూసే ఉంటారు. అక్కడ కూడా పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి ఎవరు ఎవరో చెప్పగలుగుతున్నాం.

ఈ ఒక్క అపోహకే జనం డబ్బు పోగొట్టుకుంటారు. కమిటీవాళ్ళకి చివరికి ముక్కు, గడ్డం మార్చి ఇచ్చాను. రెండోసారి ట్రాన్స్‌పోర్టు ఖర్చు వాళ్ళ నెత్తిన పడింది, పండగ దాటిపోయింది. అదైనా నయం. అంబాజీపేట వైపు నుంచి ఒక కొబ్బరి వ్యాపారి దుప్పట్లో చుట్టి ఒక బొమ్మ తెచ్చాడు. ‘రెడ్డిరాజుల కాలం నాటి రాణిగారి చిత్రం, ఒరిజినల్’ అని ఎవరో అంటగట్టారట. వెనక్కి తిప్పి చూస్తే కాన్వాసుని చెక్కకి బిగించింది స్టేప్లర్ పిన్నులతో. ముందువైపు పగుళ్ళన్నీ ఒకే తీరుగా, అద్దినట్టు ఉన్నాయి. నేనింకా ఏమీ అనకముందే ఆయనకి అర్థమైపోయింది. స్టూలు మీద కూలబడి ‘ఇంట్లో చెప్పలేదండీ’ అన్నాడు. టీ తెప్పించాను. అంతకంటే నేను చెయ్యగలిగింది ఏముంది?

కొనే ముందు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి బాబూ. రూపాయి ఖర్చు లేదు.

అలాగని నోటికొచ్చినట్టు వెయ్యమని కాదు. ముఖం దొరకదు గానీ కట్టూ, నగా దొరుకుతాయి. గొడవ పడితే వాటి గురించి పడండి, సంతోషిస్తాను. రామప్ప గుడి 1213 నాటిది, రుద్రమ తండ్రి గణపతిదేవుడి కాలం. అక్కడి శిల్పాల్లో హారాలు, నడుం పట్టీలు, జుట్టు ముడి అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. మనవాళ్ళేమో కంచిపట్టు చీర, జాకెట్టు, మొగలుల నాటి పిడి ఉన్న కత్తి కావాలంటారు. నేనూ తక్కువ తినలేదు. కొత్తలో ఒక రుద్రమకి మెడలో నిండుగా బంతిపూల దండ వేశాను. కడియపులంక మార్కెట్‌కి పోయి, బంతిపూలు కొనుక్కొచ్చి, ఎదురుగా పెట్టుకుని రేకు రేకూ దించాను. బంతి అమెరికా ఖండం మొక్క అనీ, పోర్చుగీసువాళ్ళు రాకముందు ఇక్కడ లేదనీ ఒక బోటనీ మేష్టారు చెప్పేదాకా తెలీదు. ఆ దండ ఇప్పటికీ ఒక కాలేజీ హాల్లో వేలాడుతోంది.

మిగతావి గబగబా. చిత్రాంగి బొమ్మ చరిత్ర ప్రకారం వెయ్యమని రాజమండ్రివాళ్ళు అడుగుతారు. చిత్రాంగి సారంగధరుడి కథలో రాజరాజనరేంద్రుడి భార్యగా వచ్చే మనిషి, చరిత్రలో కాదు. ఆయన రాణిగా శాసనాల్లో కనిపించేది రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవి. ఆయిల్ పెయింటింగుకి అద్దం ఆనించి ఫ్రేము కట్టించకండి. మన గోదావరి చెమ్మకి వెనక రెండు చెక్కముక్కలు పెట్టి గాలాడనివ్వండి, వార్నిష్‌కి ఆరు నెలలాగండి. డెల్టాలో రాణులు లేరనేవాళ్ళకి అనితల్లి పేరు చెప్తుంటాను. రాజమండ్రి రెడ్డి రాజ్యపు రాణి, 1423 నాటి కలువచేరు శాసనం ఆవిడదే. ఇంతవరకు ఒక్కరూ ఆవిడ బొమ్మ అడగలేదు.

ఇంకోటి మర్చిపోయాను, వయసు. ప్రతివాళ్ళకీ ఇరవై ఏళ్ళ రుద్రమే కావాలి. ఆవిడ తర్వాత గద్దెక్కిన ప్రతాపరుద్రుడు కూతురి కొడుకు. అంటే చివరి రోజుల్లో ఆవిడ అమ్మమ్మ. ఒకసారి ఎవరూ అడక్కపోయినా నెరిసిన జుట్టుతో, కళ్ళ కింద ముడతలతో, కత్తి ఎత్తి పట్టుకున్న రుద్రమని వేశాను. ముఖానికి మా మేనత్తని కూర్చోబెట్టాను. కొనడానికి ముగ్గురొచ్చారు. ముగ్గురూ ‘కొంచెం వయసు తగ్గించండి’ అనే అన్నారు. తగ్గించలేదు. బొమ్మ షాపులోనే ఉంది.

మేనత్త మాత్రం వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగి చూస్తుంది. మొన్నయితే ‘ఆ కత్తి కాస్త దించరా, భుజం లాగేస్తోంది’ అంది.