లెక్కలు, ఫిలాసఫీ: గోదావరి డెల్టాలో రెండు దారులైన చదువు

ఎంపీసీ చదివిన పిల్లాడు డిగ్రీలో లెక్కలతో పాటు ఫిలాసఫీ తీసుకుంటానంటే అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా ఇంట్లోవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ఆ రెండింటికీ పొంతనేమిటని అడుగుతారు. తప్పు వాళ్లది కాదు, మన కాలేజీలు పెరిగిన తీరే అలాంటిది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాకినాడ పీఆర్ కాలేజీకీ, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకీ మూలమైన బడులు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం బీఏలో లెక్కలు ఒక బ్రాంచి, ఫిలాసఫీ మరో బ్రాంచి అయ్యాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ రెండో బ్రాంచిలో చదివినవారే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో కొంతకాలం ఫిలాసఫీ పాఠం చెప్పారు కూడా. ఇంటర్మీడియట్‌లో లాజిక్ (తర్కం) ఒక ఆప్షనల్‌గా ఉండేది గానీ, దాన్ని ఆర్ట్స్ పిల్లలే చదివేవారు. లెక్కలకీ ఫిలాసఫీకీ ఉమ్మడి ఆస్తి లాంటి సబ్జెక్టు లెక్కల పిల్లలకు అందకుండా పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిజానికి తర్కం మనకు కొత్త కాదు. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవాళ్లు నేటికీ ముందుగా పట్టే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. అందులోని వాదం ఇలా సాగుతుంది: కొండ మీద పొగ కనిపించింది కాబట్టి నిప్పు ఉందంటాం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందని చూపడానికి వంటిల్లు ఉదాహరణ. నిప్పు లేనిచోట పొగ ఉండదనడానికి చెరువు ఉదాహరణ. ఆ ‘ప్రతిచోటా’ అన్న మాటకు హామీ ఏమిటన్న దాని మీద తర్క పండితులైన నైయాయికులు తరాల తరబడి వాదించారు. అయితే ఆ చదువు అగ్రహారాల గడప దాటలేదు. అందరి కోసం పెట్టిన కాలేజీలు దాన్ని అందరికీ ఇవ్వాల్సింది.

యూరప్‌లో ‘ప్రతి’, ‘కొన్ని’ అన్న మాటలకు గణిత చిహ్నాలతో కచ్చితమైన రూపం ఇచ్చింది జర్మన్ గణితవేత్త గాట్‌లబ్ ఫ్రేగె, 1879లో. అంకగణితం మొత్తాన్నీ తర్కం మీద నిలబెట్టాలన్నది ఆయన పట్టుదల. 1902లో, ఆయన పుస్తకం రెండో సంపుటం అచ్చులో ఉండగా, బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ నుంచి ఉత్తరం వచ్చింది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ (సెట్లన్నిటినీ) కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను సభ్యురాలా? అవునంటే కాకూడదు, కాదంటే కావాలి. పునాదే కదిలింది. రసెల్ కేంబ్రిడ్జ్‌లో ముందు లెక్కలు, ఆ వెంటనే ఫిలాసఫీ చదివినవాడు. అంకగణితాన్ని ఏ నియమాల వ్యవస్థలో పెట్టినా అందులో నిరూపణకు అందని నిజాలు మిగులుతాయని 1931లో గోడెల్, ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్నలుంటాయని 1936లో ట్యూరింగ్ నిరూపించిన ఫలితాలూ ఈ వరసలోవే. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో రెండూ కలిపి ఒకే డిగ్రీ ఉంది. అందులో మొదటి ఏడాది పిల్లలు, సంఖ్య అంటే ఏమిటని ఫ్రేగె అడిగిన 1884 నాటి పుస్తకం చదువుతారు.

మన దగ్గర గాలి ఇంజనీరింగ్ వైపు తిరిగింది. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ కాకినాడకు చేరాక, లెక్కలంటే ఎంట్రన్స్ ర్యాంకే అన్న లెక్క ఊరూరా స్థిరపడింది. డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ లెక్చరర్ కనిపించడమే అరుదు.

2023-24 నుంచి రాష్ట్రంలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. ఒక మేజర్‌కు తోడు ఒక మైనర్ చదవాలి. లెక్కలు మేజర్‌గా, ఫిలాసఫీ మైనర్‌గా పెట్టాలంటే కాలేజీకి కావలసింది ఖరీదైన ల్యాబు కాదు. లాజిక్ బాగా చెప్పగల ఒక లెక్చరర్ పోస్టు, లైబ్రరీలో ఒక బీరువా పుస్తకాలు. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఒక్క ప్రభుత్వ కాలేజీలో ముందు మొదలుపెట్టాలి.