గీత తెగని ముగ్గు

చి. సౌమ్యకు, చి. చైతన్యకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారు కదా, "మంచు మీద స్కేటింగులో కిందపడ్డ అబ్బాయికి పడనివాడికంటే ఎక్కువ మార్కులెట్లా వచ్చాయి తాతా?" అని. ఆ పూట చెప్పలేకపోయాను. ధనుర్మాసం కదా, ఇవాళ తెల్లారుజామున అమ్మమ్మ వాకిట్లో ముగ్గేస్తుంటే పక్కన కూర్చున్నాను. జవాబు అక్కడే దొరికింది.

ముగ్గుకి ముందు చుక్కలు పెడతారు. 5 చుక్కల ముగ్గు ఎవరైనా వేస్తారు. 15 చుక్కలు, సందు చుక్క 8 దాకా పెట్టి మెలికలు తిప్పడం అందరివల్లా కాదు. స్కేటింగులో గెంతులూ అంతే. ఎంత కష్టమైన గెంతుకి అంత వెల ముందే మార్కుల్లో రాసి ఉంటుంది. లుట్జ్, టో లూప్ అనేవి గెంతుల పేర్లు. నాలుగు చుట్ల లుట్జ్‌కి 11.50, మూడు చుట్ల టో లూప్‌కి 4.20. ఎంత బాగా గెంతారో చూసి తొమ్మిది మంది జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా వేస్తారు. అందరికంటే ఎక్కువ వేసిందీ, తక్కువ వేసిందీ తీసేసి మిగతా ఏడింటి సగటు కడతారు. లుట్జ్‌లో పడితే దాని వెలలో సగం పోతుంది, పైన 1 మార్కు జరిమానా. అయినా 4.75 మిగులుతుంది. పడకుండా మామూలుగా దూకిన టో లూప్‌కంటే అదే ఎక్కువ! కాకపోతే పడేలోపు నాలుగు చుట్లూ గాల్లో పూర్తవ్వాలి. ఆ చుట్లు లెక్కపెట్టేవాళ్లు వేరే ఉంటారు, వీడియో వెనక్కి తిప్పి మరీ చూస్తారు. పెద్ద ముగ్గుకి పూనుకుని ఒక మూల చెదిరిపోయినా, పూనుకున్నదానికి విలువ ఉందన్నమాట. అది నాకు నచ్చింది. ఆట మొత్తం అందానికి మళ్లీ వేరే మార్కులు.

అసలు ఆ ఆట పుట్టిందే ముగ్గులాగా. దాని పూర్తి పేరు ఫిగర్ స్కేటింగు. ఫిగర్ అంటే ఆకారం. బ్లేడుతో మంచు మీద ఎనిమిది అంకె గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ తిరగాలి. జడ్జీలు వంగి ఆ గీత చూసేవాళ్లు. 1972లో సప్పోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా అమ్మాయి బీట్రిక్స్ షూబా, గెంతుల భాగంలో ఏడో స్థానంలో ఉండి కూడా, ఆ గీతల బలంతోనే బంగారు పతకం గెలిచింది. 1990 తర్వాత పెద్ద పోటీల్లోంచి గీతలు తీసేశారు. తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు, కావలి దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టారు. మా అక్క 15 చుక్కల మెలికల ముగ్గు వేసింది. పిండి చిప్ప పట్టుకుని వెనకాలే తిరిగింది నేనే. మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది గీత, ఎక్కడా తెగలేదు. ప్రైజు మాత్రం రంగులు దండిగా పోసిన రథం ముగ్గుకిచ్చారు. అక్క వెళ్లి, "నాది ఎక్కడ తప్పింది?" అని అడిగింది. "అంతేలేమ్మా, పొయ్యిరా" అన్నాడు పెద్దమనిషి. ఓడిపోయినందుకు కాదు, ఆ మాటకి ఏడ్చింది. మళ్లీ పోటీకి పోలేదు.

2002లో సాల్ట్ లేక్ సిటీలో ఇట్లాంటిదే జరిగింది. జంటల పోటీలో తప్పు లేకుండా ఆడిన కెనడా వాళ్లని కాదని బంగారం రష్యా వాళ్లకిచ్చారు. ఫ్రాన్స్ జడ్జి మీద ఒత్తిడి వచ్చిందని గొడవ రేగింది. చివరికి కెనడా జంటకీ బంగారం ఇవ్వాల్సొచ్చింది. తర్వాత 6 మార్కుల పాత పద్ధతి పోయి, నేను పైన చెప్పిన లెక్క వచ్చింది. ఇప్పుడు ఏ గెంతుకి ఏ జడ్జి ఎంత వేశాడో కాగితం మీద అందరికీ చూపిస్తారు. మా అక్కకి అట్లాంటి కాగితం ఒకటి దొరికుంటే బాగుండేది. రేపు మీరు ఎవరికైనా మార్కులు వేయాల్సొస్తే, ఎందుకు తగ్గించారో చెప్పండి నాయనా.

ఈసారి టీవీలో వస్తే ముఖాలు చూడకండి, పాదాలు చూడండి. ముందుకు జారుతూ ఎగిరితే యాక్సెల్, తక్కినవన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవే. అందుకే యాక్సెల్‌కి అర చుట్టు ఎక్కువ. 2022లో ఇలియా మలినిన్ అనే అమెరికా కుర్రాడు పోటీలో మొదటిసారి నాలుగున్నర చుట్లు తిరిగి దిగాడు, అదీ ఒక్క సెకను లోపల! ఎట్లా అని నన్నడగకండి, చూసి నోరు తెరిచాను, అంతే.

పండక్కి వచ్చినప్పుడు చీకటితోనే లేవండి. అమ్మమ్మ వేళ్ల సందులోంచి పిండి జారేది చూడండి. చివరి మెలిక మొదటి చుక్క దగ్గరికి వస్తున్నప్పుడు మాత్రం ఆమెని పలకరించకండి.

మీ తాతయ్య