తాళం గుర్తు మీద దావా వేస్తారా? పేటెంట్ నోటీసులు: అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒక అబ్బాయి ఆరు పేజీల ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముగ్గురు స్నేహితులు కలిసి అమెరికాలోని చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంటారు. అందులో ఒక దుకాణానికి నోటీసు వస్తే, వాళ్ళు దాన్ని వీళ్ళకు పంపేశారు. మొదటి పేజీలో పేటెంట్ నంబరు ఉంది. తర్వాత పట్టిక. ఎడమవైపు పేటెంట్‌లోని వాక్యాలు, కుడివైపు వెబ్‌సైట్ ఫొటోలు, అడ్రస్ దగ్గరుండే తాళం గుర్తు చుట్టూ ఎర్రటి సున్నా.

"హెచ్‌టీటీపీఎస్ వాడటం కూడా నేరమేనా సార్?" అన్నాడు. వెబ్‌సైట్‌కూ చూసేవాళ్ళకూ మధ్య నడిచే సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి అది, తాళం గుర్తు దానిదే.

నేరం కాదు. పేటెంట్ ఉల్లంఘన సివిల్ తగాదా, పోలీసులు రారు. ముందు ఆ భయం తీసేశాక మిగతావి మాట్లాడుకున్నాం.

అపోహ: నోటీసు వచ్చిందంటే మనం తప్పు చేసినట్టే.

అమెరికాలో టీక్యూపీ డెవలప్‌మెంట్ అనే సంస్థ ఏ సరుకూ తయారు చేసేది కాదు. దాని చేతిలో ఉన్నదల్లా 1995లో మంజూరైన, మోడెమ్‌ల కాలం నాటి పేటెంట్. ఎస్‌ఎస్‌ఎల్‌తో (హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండే భద్రతా ఏర్పాటు) పాటు ఆర్‌సీ4 (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఒక పద్ధతి) వాడే వెబ్‌సైట్లన్నీ దాని కిందికే వస్తాయంటూ వందకు పైగా కంపెనీలను కోర్టుకు లాగింది. చాలామంది డబ్బు కట్టి బయటపడ్డారు. న్యూఎగ్ అనే ఆన్‌లైన్ దుకాణం మాత్రం కట్టనంది. 2013 నవంబరులో టెక్సాస్‌లోని మార్షల్‌లో విచారణ జరిగింది. పబ్లిక్ కీ విధానాన్ని (ముందుగా రహస్య తాళంచెవి పంచుకోకుండానే రహస్య సమాచారం పంపుకునే పద్ధతి) ప్రపంచానికి చెప్పినవారిలో ఒకరైన విట్‌ఫీల్డ్ డిఫీ స్వయంగా సాక్ష్యం చెప్పారు. అయినా జ్యూరీ 23 లక్షల డాలర్లు కట్టమంది. 2015లో జడ్జి, ఉల్లంఘన జరగలేదంటూ ఆ తీర్పును కొట్టేశారు.

మరి మిగతావాళ్ళు ఎందుకు కట్టారు? లాయర్ల ఖర్చుకంటే తక్కువ అడిగితే ఎవరైనా కట్టేస్తారు. అడిగేవాళ్ళకు ఆ లెక్క బాగా తెలుసు. ఏమీ తయారు చెయ్యనివాడు, తయారు చేసుకునేవాడి భయాన్ని ఇలా వసూలు చేసుకోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అపోహ: గడువు తీరిన పేటెంట్‌తో ఏమీ చెయ్యలేరు.

పైన చెప్పిన పేటెంట్ 2012లోనే ముగిసింది, విచారణ జరిగింది ఆ తర్వాతే. గడువు ఉన్న రోజుల్లోని వాడకానికి, దావా వేసిన నాటి నుంచి వెనక్కి ఆరేళ్ళ వరకు అమెరికాలో పరిహారం అడగవచ్చు. అందుకే గడువు తేదీ ఒక్కటే చూసి ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యొద్దు.

అపోహ: భద్రతా పద్ధతులకు అసలు పేటెంట్లే ఉండవు.

ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఏ అనే పేరున్న పబ్లిక్ కీ పద్ధతికి అమెరికాలో 1983 నుంచి 2000 దాకా పేటెంట్ ఉంది.

అపోహ: అమెరికా పేటెంట్ ఒంగోలులోనూ చెల్లుతుంది.

పేటెంట్ అంటే పొలం పట్టా లాంటిది. ఏ దేశం ఇస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది. క్లెయిములే, అంటే హక్కు దేనిమీదో చెప్పే వాక్యాలే, దాని హద్దురాళ్ళు. పేరు చూసి కాదు, క్లెయిముల్లోని ప్రతి అంశం మన పనిలో ఉందా లేదా అని చూడాలి. మన పేటెంట్ చట్టంలోని 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, అల్గారిథమ్‌కు పేటెంట్ రాదు. అలాగని సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి దరఖాస్తునూ తిరస్కరిస్తారని కాదు. ఆధారం లేకుండా దావా వేస్తామని బెదిరిస్తే 106వ సెక్షన్ కింద మనమే కోర్టుకు వెళ్ళి, బెదిరింపులు ఆపించి నష్టపరిహారం కూడా అడగవచ్చు. పేటెంట్ ఉందని ఊరికే తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందికి రాదు.

అపోహ: దుకాణం వాళ్ళది, నోటీసు వాళ్ళది, మనకేం సంబంధం?

మన కుర్రాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఆ అబ్బాయి సంతకం పెట్టిన కాంట్రాక్టు తెప్పించి చూశాను. పదకొండో పేజీలో, చిన్న అక్షరాల్లో, మూడో వ్యక్తి పేటెంట్ తగాదా తెస్తే ఖర్చంతా వెబ్‌సైట్ చేసినవాళ్ళదేనని ఉంది. పరిమితి కూడా లేదు. వాళ్ళు తీసుకున్న ఫీజు రెండు లక్షల రూపాయలు!

అమెరికా చట్టం మీద సలహా అక్కడి లాయరే ఇవ్వాలి, అది నా పని కాదు. క్లెయిములు చదివి, అందులోని ఒక మెట్టు ఆ వెబ్‌సైట్‌లో లేనే లేదని రాసిచ్చాను. దుకాణం వాళ్ళ లాయరు దాన్నిబట్టి జవాబు పంపారు. ఇంతవరకు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

మొన్న ఆ అబ్బాయి కొత్త కాంట్రాక్టు ఒకటి నాకు పంపాడు. ఖర్చుల క్లాజును తానే మార్చుకున్నాడు. "తీసుకున్న ఫీజుకు మించకుండా" అని చేర్చి, దాని కింద పసుపు గీత గీశాడు.